రాజీనామా మెయిల్ ఇంకొన్నాళ్లు డ్రాఫ్ట్స్‌లోనే ఉండనివ్వండి

ప్రశ్న: నా వయసు 34. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుంది. మేనేజర్ మంచివారు, గొడవలేమీ లేవు. కానీ రోజూ అవే ఫైళ్లు, అవే కాలమ్స్, అవే కొర్రీలు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఒక వయొలిన్ రిపేర్ వర్క్‌షాప్‌కి వెళ్లి పని నేర్చుకుంటున్నాను. అక్కడ గంటలు తెలియవు. ఆ వర్క్‌షాప్ పెద్దాయన ఇప్పుడు నన్ను పూర్తిగా వచ్చేయమంటున్నారు. తనకు చూపు తగ్గుతోందనీ, నాలుగైదేళ్లలో వర్క్‌షాప్ నాకే అప్పగిస్తాననీ అంటున్నారు. జీతం మాత్రం ఇప్పుడు వచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. మావారికి ఉద్యోగం ఉంది. ఇంటి లోన్ ఇంకా 9 ఏళ్లు కట్టాలి. పాపకి ఏడేళ్లు, మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. మావారిని అడిగితే "నీ ఇష్టం" అంటారు. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడరు. రాజీనామా మెయిల్ రాసి ఎనిమిది నెలలైంది, డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. పంపనా, డిలీట్ చేసేయనా?
- పేరు వద్దు

సమాధానం:

మీ అసలు ఉత్తరం పైన వేసినదానికన్నా చాలా పెద్దది. చోటు చాలక తీసేసినవాటిలో ఒక పేరా మొత్తం సౌండ్‌పోస్ట్ గురించే ఉంది. వయొలిన్ లోపల నిలబెట్టే 6 మిల్లీమీటర్ల మందం స్ప్రూస్ పుల్ల అది. జిగురు ఉండదు, మేకు ఉండదు. పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య ఒత్తిడితోనే నిలబడుతుంది. దాన్ని వంకర తిరిగిన ఒక ఇనుప పనిముట్టుకి గుచ్చి, వయొలిన్ మీద ఉండే సన్నటి రంధ్రంలోంచి లోపలికి దించి, చూపు సరిగా అందని చోట చేతి అంచనాతో నిలబెట్టాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా స్వరం మారిపోతుంది. ఇటాలియన్లు ఆ పుల్లని 'ఆత్మ' అనే పేరుతో పిలుస్తారని కూడా మీరే రాశారు. మొదటిసారి అది నిలబడటానికి మీకు మూడు శనివారాలు పట్టిందట. మూడో శనివారం సాయంత్రం అది నిలబడ్డాక పెద్దాయన ఏమీ అనకుండా లైటు మీ వైపు జరిపారట.

ఆ పేరా చదివాక మీది తాత్కాలికమైన మోజు కాదని నమ్మాను. ఆఫీసు మీద విసుగుతో వేరే ఏదో ఒకటి కావాలనుకునేవాళ్లు ఇలా రాయరు. వాళ్ల ఉత్తరాల్లో వదిలేసే ఉద్యోగం గురించే నాలుగు పేజీలు ఉంటాయి, వెళ్లబోయే చోటు గురించి నాలుగు మాటలు కూడా ఉండవు. మీ ఉత్తరం దానికి తలకిందులు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు వెళ్లాలి. కానీ ఈ నెల వద్దు, ఆ డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్‌తో వద్దు. మెయిల్‌లో ఏముందో నాకు తెలియదు కానీ, ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం రాత్రి రాసి ఉంటారని ఊహించగలను. ఆదివారం రాత్రి రాసిన రాజీనామాలో అలసట ఎక్కువ ఉంటుంది.

ముందు ఆ అలసట సంగతి చూడాలి. గుండెల మీద బరువు అని రాశారు. అది పని మీద విసుగా, లేక ఏళ్ల తరబడి విశ్రాంతి లేకపోవడమా? వారమంతా ఆఫీసు, శనివారం వర్క్‌షాప్, ఆదివారం ఇంటిపని. నాలుగేళ్లుగా మీకు సెలవన్నదే లేదు. అలసిపోయిన మనిషికి తను ఉన్న చోటు తప్ప ప్రతి చోటూ బాగున్నట్టే ఉంటుంది. దూరపు కొండలు నునుపు అన్నది ఊరికే అనలేదు. ఓ పది రోజులు సెలవు పెట్టి రెండు చోట్లకీ వెళ్లకుండా ఉండండి. ఆ పది రోజులయ్యాక ఆఫీసు మీద కొంత మెత్తబడితే మీకు కావలసింది విశ్రాంతి. మెత్తబడకపోతే, పైగా చేతులు పని కోసం వెతుక్కుంటుంటే, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.

మెత్తబడరనే నాకు అనిపిస్తోంది. కాబట్టి మిగతాది ఇప్పుడే చెబుతాను.

మీకు తెలిసింది ఆ వర్క్‌షాప్‌లో శనివారం మాత్రమే. శనివారాలు పెద్దాయన మీకు నేర్పించడానికి కూర్చుంటారు, కాబట్టి ఆసక్తిగా ఉండే పనే మీ ముందు పెడతారు. మరి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకి అక్కడ ఏం జరుగుతుంది? నాలుగో కమానుకి గుర్రపు వెంట్రుకలు మార్చడం జరుగుతుంది. అద్దెకిచ్చే పిల్లల వయొలిన్లకి జారిపోతున్న బిరడాలు సరిచేయడం జరుగుతుంది. నల్లచేవ కర్ర పొడి ముక్కులోకి పోతుంది, మెడ లాగుతుంది. "రేపటికల్లా ఇచ్చేయండి, కచేరీ ఉంది" అని ఒకరు, "ఇంత చిన్న పనికి ఇంత తీసుకుంటారా" అని ఇంకొకరు. ఇందులో అవమానమేమీ లేదు, ఏ వృత్తిలోనైనా ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది. అయితే కలగా ఉన్నంతకాలం ఈ భాగం మనకి కనిపించదు. మీ ఆఫీసులో ఫైళ్లు ఉన్నట్టే అక్కడా ఫైళ్లు ఉంటాయి, కర్రతోనూ వెంట్రుకలతోనూ చేసినవి. ఆ ఫైళ్లని రోజూ భరించగలరా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

మిగిలిన సెలవుల్లోంచి రెండు వారాలు తీసుకోండి. పెద్దాయనతో ముందే చెప్పండి: "నాకు నేర్పించొద్దు, పనికి మనిషిని పెట్టుకున్నట్టు మీ దగ్గర మామూలుగా వచ్చే పనంతా ఇవ్వండి." ఉదయం నుంచి సాయంత్రం దాకా, సోమవారం నుంచి శుక్రవారం దాకా. పది పనిదినాలు. వాటిలో మంచి రోజులు మీకు ఎలాగూ గుర్తుంటాయి. అన్నిటికన్నా చెత్తగా గడిచిన రోజు సాయంత్రం నాలుగు వాక్యాలు రాసి దాచుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇష్టమైన పనే జీవనోపాధి అయితే ఆ ఇష్టం ఏమవుతుందన్న భయం కూడా మీ ఉత్తరంలో వరుసల మధ్య కనిపించింది. అది అర్థం లేని భయం కాదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లయ్యాక చూస్తే, ఆ పిల్లలు తమంతట తాముగా బొమ్మలు వేసే సమయం మిగతా పిల్లల్లో దాదాపు సగమే ఉంది. చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఇష్టం తగ్గలేదు. అంటే బహుమతి చేసిన చెరుపు కాదది, దాని కోసమే కూర్చోవడం చేసిన చెరుపు. మీ విషయానికి దీన్నుంచి నేను తీసుకునేది ఒకటుంది. వర్క్‌షాప్‌లో ఎవరి ఆర్డరూ కాని ఒక వాయిద్యం ఎప్పుడూ మీ బల్ల మీద ఉండాలి. పగిలిపోయిందని ఎవరో వదిలేసిందైనా సరే. దానికి గడువు ఉండకూడదు, కూలీ ఉండకూడదు.

ఇక డబ్బు. ఇక్కడ కొంచెం ఆగి నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే "కలల వెంట వెళ్లు" అని చెప్పేవాళ్లందరూ తొందరగా దాటేసేది దీన్నే.

ఇప్పుడు మీ చేతికి 100 వస్తోందనుకుందాం, అక్కడ 45 వస్తుంది. ఆ 55 తేడాని మీరు చూస్తున్నారు. కనపడని తేడా ఇంకోటి ఉంది. ఆఫీసు కట్టే మెడికల్ ఇన్సూరెన్స్ పోతుంది. మీ అమ్మగారు కూడా దాని కింద ఉంటే అది పెద్ద విషయం. రిటైర్మెంట్ కోసం వాళ్లు వేసే వాటా ఆగిపోతుంది. జ్వరం వచ్చి పడుకున్న రోజుకి జీతం ఉండకపోవచ్చు. ఇన్సూరెన్స్‌లో పనిచేసే మీకు ఇవన్నీ నాకన్నా బాగా తెలుసు, కానీ తన సొంత ఫైలు తనే చూసుకునేటప్పుడు ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

72ని వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి. ఏడాదికి 8 శాతం పెరుగుతుందనుకుంటే 9 ఏళ్లు. మీకు 34. 61 వచ్చేలోపు మూడుసార్లు రెట్టింపు. అంటే ఈ ఏడాది వెనకేయకుండా వదిలేసిన ఒక్కొక్కటీ అప్పటికి ఎనిమిదై ఉండేది. ధరలూ పెరుగుతాయి కాబట్టి ఆ ఎనిమిదికి ఇప్పటి విలువ ఉండదు, నిజమే. అయినా 30ల్లో పొదుపు పూర్తిగా ఆపేయడం చాలా ఖరీదైన పని అని తెలిసే దిగాలి. ఎంత చిన్న మొత్తమైనా సరే, 45లోంచి కూడా కొంత పక్కకి పోవాలి. ఇల్లు గడవాలంటే ఆ కొంత కూడా తీయలేని లెక్క వస్తే, ఆ లెక్క ఇంకా కుదరలేదని అర్థం.

కుదిరిందో లేదో కాగితం మీద తెలియదు. వచ్చే ఆరు నెలలు, ఉద్యోగంలో ఉండగానే, 45తో బతకండి. జీతం పడిన రోజే మిగతా 55ని చేతికి అందని ఖాతాలోకి పంపేయండి, అక్కడి నుంచి ఒక్కటి కూడా తీయకండి. లోన్, స్కూలు ఫీజు, మందులు, పండగలు, చుట్టాలు అన్నీ ఆ ఆరు నెలల్లో రానివ్వండి. నాలుగో నెలకల్లా ఇల్లు ఎక్కడ కిర్రుమంటుందో వినిపిస్తుంది. ఆరు నెలలు గడిస్తే మీ దగ్గర ఇప్పటి జీతంలో మూడు నెలలకి పైన మిగులుతుంది. అది కొత్త జీతంలో చూస్తే ఏడు నెలలు దాటుతుంది. ఒకే ప్రయోగంలో అలవాటూ నిధీ రెండూ వచ్చేస్తాయి.

ఇది నా సొంత అనుభవంలోంచి వచ్చిన సలహా. 30 ఏళ్ల వయసులో నేను నికరమైన ఉద్యోగం మానేసి ఒక చిన్న ప్రచురణ సంస్థలో అనువాదాలు చేయడానికి వెళ్లాను. పేరు అనవసరం. తక్కువ జీతానికి సిద్ధపడే వెళ్లాను, తక్కువ జీతం నన్ను బాధ పెట్టలేదు. రాని జీతం బాధ పెట్టింది. మూడో నెల నుంచి ఆలస్యం మొదలైంది. ఫోన్ చేసి అడగాలి. ఫోన్ చేతిలోకి తీసుకుని, పేరు దాకా వెళ్లి, మళ్లీ కింద పెట్టేదాన్ని. నేను ప్రేమించిన పని బల్ల మీద అలాగే ఉండేది, దాని వైపు చూడబుద్ధి అయ్యేది కాదు. తొమ్మిది నెలలకి వెనక్కి వచ్చాను. రాగలిగాను అన్నదే ఇందులో ముఖ్యం. పాత ఆఫీసులో అందరికీ చెప్పి, నా పని మొత్తం ఒకరికి నేర్పి, మంచిగా బయటికి వచ్చి ఉన్నాను కాబట్టి మా సీనియర్ ఒకావిడ సగం రోజు పని ఇప్పించారు. ఆ సగం రోజుతో ఇల్లు గడుపుకుంటూ మిగతా సగంలో అనువాదాలు చేసుకున్నాను. నాలుగేళ్లు పట్టింది గానీ నిలదొక్కుకున్నాను. వచ్చేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వచ్చాను, గడియ పెట్టలేదు. అదే నన్ను కాపాడింది.

ఈ మాట మీ వృత్తి మీకు ముందే నేర్పి ఉండాలి. వయొలిన్ పైచెక్కని ఏ జిగురుతో అంటిస్తారు? జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురుతో. దానికన్నా గట్టిగా పట్టే జిగుర్లు బజార్లో బోలెడున్నా మంచి పనివాళ్లు వాటిని ముట్టుకోరు. వెచ్చదనం, తడి తగిలితే పాత జిగురు విడిపోతుంది, చెక్క చెడకుండా లోపలికి వెళ్లి బాగుచేయవచ్చు. గట్టి జిగురుతో అంటిస్తే విప్పేటప్పుడు చెక్కే చీలిపోతుంది. 300 ఏళ్ల కిందటి వయొలిన్లు ఇంకా మోగుతున్నాయంటే, ఎన్నిసార్లైనా విప్పి మళ్లీ అంటించగలిగేలా అతికించడం కూడా అందుకు ఒక కారణం. మీరు ఆఫీసుని విడిచేటప్పుడూ వర్క్‌షాప్‌లో చేరేటప్పుడూ ఆ జిగురే వాడండి.

ఆచరణలో ఏం చేయాలి? ముందు, మీ మేనేజర్ మంచివారన్నారు కదా, రాజీనామాకి ముందు ఆయన్ని రెండు విషయాలు అడగండి: వారానికి మూడు రోజుల పని కుదురుతుందా, లేదంటే జీతం లేని సెలవు ఏడాది ఇస్తారా. కుదరదనే అనవచ్చు. అడిగినందుకు పోయేదేమీ లేదు. ఉద్యోగం చేస్తూనే సొంత పని మొదలుపెట్టి, అది నిలబడ్డాక ఉద్యోగం వదిలినవాళ్ల గురించి జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కసారిగా ఉద్యోగం మానేసి దిగినవాళ్లకన్నా వీళ్ల వ్యాపారం మూతపడే అవకాశం మూడో వంతు తక్కువని తేలింది. వాళ్లు పిరికివాళ్లనుకోను. తమకి ఏం చేతనవునో జీతం పడుతుండగానే తెలుసుకున్నారు.

కొందరు మీకు రచయిత కాఫ్కా ఉదాహరణ చెబుతారు. ఆయన 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేస్తూ రాత్రిళ్లు రాసుకున్నాడు, నువ్వూ అలాగే చేసుకోవచ్చు కదా అంటారు. అంతకుముందు ఇంకో బీమా కంపెనీలో పని గంటలు ఎక్కువై రాసుకోవడానికి వీల్లేక ఏడాది తిరక్కుండానే మానేశాడు. రెండో చోట మధ్యాహ్నం 2 గంటలకి పని అయిపోయేది. అంటే ఆయన ఎంచుకున్నది ఖాళీ సమయం. రాత్రి ఒంటరిగా కూర్చుని రాయొచ్చు. మీ పని అలాంటిది కాదు. వెలుతురు కావాలి, బల్ల కావాలి, పక్కన పెద్దాయన కావాలి. ఆయన చూపు తగ్గుతోంది. ఆయన చేతుల్లో ఉన్నది మీ చేతుల్లోకి రావడానికి ఉన్నది నాలుగైదేళ్లే. మీరు ఉద్యోగంలోనే ఉండిపోకూడదని నేననడానికి అసలు కారణం ఇదే. ఆఫీసు పని పదేళ్ల తర్వాత కూడా ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. ఆ పెద్దాయన దొరకరు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990లలో పశ్చాత్తాపాల మీద చేసిన పరిశోధనలో కూడా ఇలాంటిదే కనిపిస్తుంది. కొద్దికాలంలో మనుషుల్ని ఎక్కువగా బాధించేవి చేసిన పనులు, జీవితమంతా వెనక్కి చూసుకుంటే ఎక్కువగా బాధించేవి చేయని పనులు.

ఇంకో సంగతి. మీ ఉత్తరమంతా 11 ఏళ్లు వృథా అయిపోయాయన్న ధోరణిలో ఉంది. అమ్మా, అది నిజం కాదు. విలువైన వాయిద్యాలకి ఇన్సూరెన్స్ ఉంటుంది. ఒకటి పగిలితే ఏం పగిలింది, బాగుచేయడానికి ఎంతవుతుంది, బాగుచేశాక కూడా దాని విలువ ఎంత పడిపోతుంది అని రిపోర్టు రాయాలి. వెనకచెక్క మీద సరిగ్గా సౌండ్‌పోస్ట్ ఆనే చోట పగులు వస్తే, ఎంత బాగా అతికించినా వాయిద్యం విలువ బాగా పడిపోతుందని మీకు తెలుసు. ఆ సంగతి క్లెయిమ్ చూసే ఆఫీసర్‌కి అర్థమయ్యే భాషలో, కొర్రీ పడకుండా రాయగలిగే రిపేర్ పనివాళ్లు ఎంతమంది ఉంటారు? పెద్దాయన తన రిపోర్టులు ఎలా రాస్తున్నారో ఒకసారి చూడండి. చుట్టుపక్కల మిగతా వర్క్‌షాపుల వాళ్లకీ, సంగీత పాఠశాలలకీ ఈ పని చేసిపెట్టగలరేమో అడగండి. ఆ 45ని 60 చేసే దారి అందులో ఉండొచ్చు. విలువ కట్టడానికి అర్హతలు, లైసెన్సులు ఏమైనా కావాలంటే ఈ ఆరు నెలల్లోనే, ఆఫీసు జీతం మీదే సంపాదించండి. ఒక్క జాగ్రత్త, మీ కంపెనీకి వచ్చే క్లెయిముల జోలికి ఉద్యోగంలో ఉండగా వెళ్లకండి.

పెద్దాయన మాట మీద నాకు అనుమానం లేదు. అయినా కాగితం మీద పెట్టించండి. జీతం ఎంత, ఏ తారీఖున, వర్క్‌షాప్ అప్పగించడమంటే ఏమిటి: పేరా, పనిముట్లా, అద్దె ఒప్పందమా, పాత కస్టమర్లా? ఆయన పిల్లలకి ఈ విషయం తెలుసా? ఆయనకి అనుకోకుండా ఏమైనా అయితే? ఇవి అడగడం ఆయన్ని నమ్మకపోవడం కాదు. మీరు అడగలేక ఊరుకుంటే, రేపు ఆయన పోయాక ఆయన పిల్లల ముందు నిలబడి అడగాల్సి వస్తుంది.

చివరిగా మీవారి "నీ ఇష్టం". దాన్ని అనుమతిగా తీసుకోవద్దు, నిరాకరణగానూ తీసుకోవద్దు. నా వైపు చూడరు అన్నారు. భయపడే మనిషి అలాగే చూపు తిప్పుకుంటారు. వద్దంటే మీ కల మీద నీళ్లు పోసినవారవుతారు, సరే అంటే లోన్ మొత్తం తన భుజాల మీద పడుతుంది. ఏది అన్నా తప్పే అయ్యే ప్రశ్న మీరు అడుగుతున్నారు. అది అడగడం మానేయండి. ఆరు నెలల లెక్క మొదలుపెట్టే ముందు ఆయన్ని కూర్చోబెట్టుకుని వేరేది అడగండి: "ఏం జరిగితే నువ్వు రాత్రి నిద్రపోలేవు?" చెప్పనివ్వండి, మధ్యలో సమాధానపరచకండి. ఒకవేళ ఆయన "రెండు నెలల ఈఎంఐ ఆగిపోతే" అంటే, అదే మీ గీత. పొదుపు ఆ గీత దగ్గరకి వచ్చిన రోజు మీరు పార్ట్‌టైమ్ పని వెతుక్కుంటారని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. గడువు కూడా పెట్టుకోండి, 18 నెలలనుకోండి. అప్పుడు ఆయన రోజూ భయపడక్కర్లేదు, మీరు రోజూ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

పాపకి చెప్పేటప్పుడు దాచకండి. ఏడేళ్లంటే చాలా అర్థమవుతుంది. మీ అమ్మగారికి మాత్రం మెడికల్ ఇన్సూరెన్స్ కొత్తది తీసుకుని, అది అమల్లోకి వచ్చాకే రాజీనామా చేయండి. పాత జబ్బులకి కొంతకాలం కవరేజీ ఇవ్వని పాలసీలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

ఈ శనివారం వర్క్‌షాప్‌కి వెళ్లినప్పుడు ఆ పది పనిదినాల మాట అడగండి. తారీఖులు ఖాయమయ్యాక నాకు రాయండి, ఆ రెండు వారాల్లో అన్నిటికన్నా చెత్తగా గడిచిన రోజు సాయంత్రం మీరు రాసుకున్న నాలుగు వాక్యాలు కూడా పంపండి. డ్రాఫ్ట్‌లో ఉన్న మెయిల్‌ని అప్పుడు మళ్లీ తెరుద్దాం.